ఎర్ర చుక్క

గోపీనాథ్ కోడుమూరు వచ్చి మొబైల్ షాపు ముందు నిలబడినప్పుడు షాహీనా ఎవరి ఫోనుకో గ్లాసు అంటిస్తోంది. అతన్ని చూసింది. చూసి కూడా తల ఎత్తలేదు. గ్లాసు కింద చిక్కిన గాలి బుడగను పాత ఏటీఎం కార్డుతో అంచుదాకా నెట్టి, గుడ్డతో తుడిచి, ఫోను గిరాకీ చేతిలో పెట్టింది. ఆ గిరాకీ కోడుమూరు ఎండల గురించి మాట్లాడితే తనూ మాట్లాడింది. ఎండలో నిలబడ్డ పెద్దమనిషి ఎంతసేపు నిలబడగలడో చూద్దామనుకుంది. చాలాసేపే నిలబడ్డాడు.

"బాగుండావా షాహీనా?" అన్నాడు చివరికి.

"ఉండా."

అతని వెనక ఇమాం వలి ఉన్నాడు. కర్నూలులో గోపీనాథ్ కంప్యూటర్ షాపుకు ఎదురుగా టీ కొట్టు నడిపే ముసలాయన. ఒక్కడే వస్తే మాట వినరని తెలిసి గోపీనాథ్ ఆయన్ని తోడు తెచ్చుకున్నాడు.

సంగతి ఇమాం వలే చెప్పాడు. మైదుకూరులో ఒక పారామెడికల్ కాలేజీ వాళ్ళు ల్యాప్‌టాప్‌లు కావాలన్నారు. గోపీనాథ్ బెంగళూరు నుంచి ఖాళీ బాడీలు తెప్పించాడు. అంటే ఆఫీసులు వాడి వదిలేసినవి. లోపల మదర్‌బోర్డు ఉంటుంది, హార్డ్ డిస్కు ఉండదు, డీవీడీ డ్రైవు ఉండదు, ఆ రెండు చోట్లా బొక్కలుంటాయి. వాటిల్లో డ్రైవులు బిగించి ఇవ్వాలి. ఆవలెల్లుండి పొద్దున్నే కాలేజీ వాళ్ళు బండితో వస్తారు. బిగించే బామ్మర్ది వీరభద్ర బెంగళూరులో ఉద్యోగమని పోయి ఫోను కూడా ఎత్తడం లేదు.

షాహీనా అన్న జావేద్ కౌంటరు వెనక నుంచి లేచాడు. "కర్నూలంతా ఎతికినా మెకానిక్కు దొరకలేదా? దొంగే కావాల్సొచ్చిందా?"

గోపీనాథ్ చెప్పుల వైపు చూసుకున్నాడు.

"పాత మాటలెందుకు బేటా," అన్నాడు ఇమాం వలి.

పాత మాటంటే ఒక్కటే మాట. పోయినేడాది ఎండాకాలం, షాహీనా ఇంకా గోపీనాథ్ షాపులోనే పనిచేస్తున్నప్పుడు, కర్నూలులో ఆ కంప్యూటర్ షాపుల సందు మధ్యలో, నలుగురూ చూస్తుండగా, ఒక గిరాకీ ల్యాప్‌టాప్ పైకెత్తి పట్టుకుని గోపీనాథ్ అరిచాడు: షాహీనా కొత్త డిస్కు పీకేసి పాతది పెట్టింది, అది దొంగ అని. ఆ తర్వాత ఆ సందులో ఏ షాపువాడూ ఆమె చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వలేదు. కొందరు నవ్వి పంపారు, కొందరు నవ్వకుండా పంపారు. చదువుకున్న పని, చేతికి వచ్చిన పని వదిలేసి ఆమె ఏడాదిగా అన్న షాపులో గ్లాసులు అంటిస్తోంది.

"వస్తా," అంది షాహీనా.

అంత సులువుగా వస్తానంటుందని గోపీనాథ్ అనుకోలేదు. ఇంకా బతిమాలడానికి తెచ్చుకున్న మాటలు నోట్లోనే ఉండిపోయాయి.

వాళ్ళిద్దరూ బస్సెక్కిపోయాక జావేద్ చెల్లెల్ని తినేసేలా చూశాడు. "నీకు సిగ్గు లేదా?"

"ఉండాది. అందుకే పోతాండా."

మర్నాడు పొద్దున ఆమె సందులోకి అడుగుపెడితే జిరాక్స్ షాపతను మిషను మూత ఎత్తి పట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఇమాం వలి మాత్రం "ఆవో బేటీ" అని పిలిచి టీ ఇచ్చాడు. షాహీనా తాగి, గ్లాసు కడిగి పెట్టి, షాపులోకి పోయింది.

అదే బల్ల. బల్ల పైన మాత్రం కొత్తగా ఒక కెమెరా. గోపీనాథ్ కూర్చునే చోట ఒక చిన్న టీవీ పెట్టుకున్నాడు, అందులో బల్ల కనిపిస్తుంది, బల్ల మీద పనిచేసే చేతులు కనిపిస్తాయి.

"అది అందరికీ పెట్టింది, నీ కోసమని గాదు," అన్నాడు అడగకుండానే.

అందరూ అంటే ఇప్పుడు ఆ షాపులో షాహీనా ఒక్కతే. ఆమె గాజులు తీసి సంచిలో వేసుకుంది. బోర్డులు కాలకుండా ఒంటి మీది కరెంటు పోవాలని ఇనుప షట్టరును ఒకసారి తాకి, కూర్చుంది.

మొదటి బాడీని బోర్లా తిప్పింది. బ్యాటరీ గొళ్ళెం జరిపి పక్కన పెట్టింది. అడుగు మూత స్క్రూలు విప్పి, ఏ స్క్రూ ఏ మూలదో ఆ వరసలోనే బల్ల మీద పేర్చింది. ఆఫీసు దుమ్మును బ్రష్‌తో ఊడ్చింది. ఈ రకం బాడీలో హార్డ్ డిస్కుకు స్క్రూలుండవు. రెండు పక్కలా రబ్బరు పట్టీలు తొడిగి, బొక్కలోకి తోసి, లోపలి పిన్నులకు ఆనేదాకా వేళ్ళతో నొక్కాలి. వేళ్ళకు తెలుస్తుంది కూర్చున్నదీ లేనిదీ. తర్వాత డీవీడీ డ్రైవు. దాని ముఖానికి ఈ బాడీకి సరిపోయే పట్టీ నొక్కి, పక్క నుంచి జారవిడిచి, అడుగున ఒకే ఒక్క స్క్రూ బిగించాలి. ముఖం మీదుండే చిన్న రంధ్రంలో జెమ్ క్లిప్పు పొడిస్తే ట్రే బయటికి రావాలి. వచ్చింది. ఏడాది అయినా చేతులు ఏమీ మర్చిపోలేదు. అది చూసుకుని ఆమెకు సంతోషం వేసింది, ఆ సంతోషం మీద కోపం వచ్చింది.

"ఈ కాలంలో డీవీడీ ఎందుకంట వాళ్ళకి?" అంది.

"స్కానింగుల చదువు కదా. ఆస్పత్రోళ్ళు సీటీ స్కాన్లు, ఎమ్మారైలు ఇంకా సీడీల్లోనే ఇస్తాండారు. పిల్లోల్లు అవి పెట్టి చూడాలంట," అన్నాడు గోపీనాథ్ టీవీ మీంచి కళ్ళు తీయకుండా.

రెండో బాడీ తెరిచినప్పుడు తెలిసింది ఆమెకు, ఏం చేయాలో.

గోపీనాథ్ తెచ్చిన డిస్కులు సన్నవి. బాడీలోని బొక్క పాత కాలపు మందం డిస్కుకు చేసింది. ఆ ఖాళీ పూడ్చడానికి ప్రతి డిస్కుతోనూ ఒక నల్ల ప్లాస్టిక్ ఫ్రేము వస్తుంది. దాన్ని డిస్కుకు అంటించి పెడితే గట్టిగా కూర్చుంటుంది. అంటించకపోయినా డిస్కు పనిచేస్తుంది. ఆన్ చేస్తే వెలుగుతుంది, విండోస్ వస్తుంది, అంతా బాగుంటుంది. కానీ డిస్కు లోపల పిన్నుల మీద మాత్రమే వేలాడుతూ ఉంటుంది. నాలుగు రోజులు సంచిలో అటూ ఇటూ మోస్తే, బస్సులో కుదిపితే, జారుతుంది. చదువుతున్నది చదువుతుండగానే తెర ఆగిపోతుంది. కొన్నిటి పిన్నులే విరుగుతాయి.

షాహీనా ఫ్రేమును తీసి, డిస్కు వచ్చిన కవరులో వేసి, కవరును బల్ల కింది చెత్తబుట్టలో పడేసింది. డిస్కును ఒట్టిగానే లోపలికి తోసింది. టీవీలో అంతా కనిపిస్తూనే ఉంది. పెట్టింది కనిపిస్తుంది గానీ, పెట్టనిది ఏ కెమెరాకు కనిపిస్తుంది? మొదటి బాడీని కూడా మళ్ళీ విప్పి, దాని ఫ్రేమునూ తీసేసింది.

"ఏమైంది, మళ్ళీ విప్పినావు?"

"దుమ్ము ఉన్నెట్లుండాది."

"అది. పనంటే అట్లుండాల," అన్నాడు గోపీనాథ్.

అతను మెచ్చుకుంటుంటే ఆమెకు నవ్వొచ్చింది. ఎంత కాలం తర్వాతో మనసారా నవ్వొచ్చింది, లోపలే నవ్వుకుంది. కాలేజీ వాళ్ళు వెనక్కి తెస్తారు. ఒకటి కాదు, బండి నిండా తెస్తారు. ఇదే సందులో దింపి, ఇదే జనం ముందు అడుగుతారు. అప్పుడు గోపీనాథ్‌ను ఏం మాట అంటారో అననీ.

సాయంత్రం గిడ్డమ్మ వచ్చి ఊడ్చింది. సందులోని షాపులన్నీ ఊడ్చే మనిషి. చెత్తబుట్టను గోనెలోకి వంచుతూ, "ఈ నల్లవి గట్టిగుండాయి గదమ్మా. పనికిరావా?" అంది.

"రావు. తీసుకపో."

ఆ రోజు సగానికి పైగా అయ్యాయి. గోపీనాథ్ ప్రతిదీ ఆన్ చేసి చూసుకుని, సరేనని పక్కన పెట్టాడు.

ఆ సందులో ఒక అలవాటుంది. పని పూర్తయ్యాక చివరి స్క్రూ మీద మెకానిక్కు గోళ్ళ రంగుతో ఒక చుక్క పెడతాడు. ఒక్కొక్కరిదీ ఒక్కో రంగు. చుక్క పగిలి ఉంటే మధ్యలో వేరే ఎవరో విప్పినట్టు. చుక్క పగలకుండా లోపల తేడా వచ్చిందంటే ఆ రంగు మనిషే జవాబు చెప్పాలి. రసీదు పారేసుకుని వచ్చినవాడికి కూడా చుక్క చూసి పని చేసిస్తారు. గోపీనాథ్ షాపులో షాహీనాది ఎరుపు, వీరభద్రది పచ్చ. రెండు సీసాలూ తాళం లేని సొరుగులో ఉండేవి. దొంగ అని అరిచిన రోజు గోపీనాథ్ పైకెత్తి చూపిన ల్యాప్‌టాప్ మీద ఎర్ర చుక్క పగలకుండా ఉంది. అందుకే ఇంకెవరూ ఇంకేమీ అడగలేదు. ఆ ఎర్ర సీసా ఎవరి చేతికైనా అందుతుందన్న ఆలోచన అంతమంది మెకానిక్కులున్న సందులో ఒక్కడికీ రాలేదు. వచ్చినవాడెవడైనా ఉంటే నోరు మూసుకున్నాడు.

రెండో రోజు మధ్యాహ్నం గోపీనాథ్ ఇంటి నుంచి రెండు క్యారియర్లు తెప్పించాడు. ఒకటి ఆమె ముందు పెట్టాడు. కొర్రన్నం, గోంగూర పప్పు. షాహీనా తన సంచిలోంచి రొట్టె తీసుకుని తింది. క్యారియరు మూత తీయలేదు. అతను బలవంతం చేయలేదు. కాసేపటికి టీవీ కట్టేశాడు.

"ఎందుకు కట్టేసినావు?" అంది.

"నీ మీద కెమెరా ఎందుకులే."

చివరి బాడీలో డీవీడీ డ్రైవు స్క్రూ బిగిస్తుండగా అతను స్టూలు జరుపుకుని దగ్గరికొచ్చాడు. బయట ఇమాం వలి కొట్టు దగ్గర జనం ఉన్నారు. అతను ఒకసారి అటు చూసి, గొంతు తగ్గించాడు.

"షాహీనా, ఒక మాట. ఆ డిస్కు సంగతి. అది నువ్వు గాదు."

స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"మా వీరభద్రే. కొత్త డిస్కు తీసి అమ్ముకున్నాడు. నీ సీసాతో చుక్క పెట్టి మూసినాడు. వాడే ఒప్పుకున్న్యాడు నా దగ్గర."

"ఎప్పుడు?"

"ఉగాదికి."

ఇప్పుడు వినాయక చవితి పందిళ్ళు వేస్తున్నారు ఊళ్ళో. షాహీనా లెక్క వేయదలుచుకోలేదు గానీ లెక్క దానంతటదే తేలింది. ఉగాది నుంచి ఈ మనిషికి తెలుసు. తెలిసి పొద్దున్నే లేచి షట్టరు తీసి, పూజ చేసుకుని, ఇదే సందులో అందరితో కలిసి టీ తాగుతూ ఉన్నాడు.

"ఉగాదికి తెలిస్తే ఇప్పుడు చెప్తాండావా?"

"ఎట్ల చెప్పమంటావు? ఇంటి ఆడమనిషి తమ్ముడు. నలుగురిలో చెప్తే నా ఇల్లు నిలబడుతుందా? నీకు మాత్రం చెప్పాల అనుకుంటానే ఉండా. మనసులో పెట్టుకోవద్దమ్మా."

అబద్ధాన్ని సందు నడిమధ్య అరిచిన గొంతేనా ఇది? నిజం దగ్గరికొచ్చేసరికి గుసగుస అయింది. షాహీనా ఒళ్ళంతా మండింది. నిన్నటి నుంచి లోపల ఏ మూలో కొంచెం భయం, కొంచెం సంకోచం ఉండేవి. కాలేజీ పిల్లలు ఏం చేశారన్న మాట ఒకటి రాత్రి పడుకునేటప్పుడు గుచ్చింది. అవన్నీ ఆ గుసగుసతో పోయాయి. బాగా చేశానని అనుకుంది. ఇంకా చేయాలనుకుంది.

చేయడానికి ఒకటి మిగిలే ఉంది. సొరుగు లాగి చూసింది. పచ్చ సీసా ఉంది. రేపు పొద్దున్నే వచ్చి అన్నిటికీ పచ్చ చుక్కలు పెట్టి, గబగబా పెట్టెల్లో సర్దేస్తే చాలు. కాలేజీ వాళ్ళు తిరిగొచ్చినప్పుడు ఆ పచ్చ చుక్క ఎవరిదని అడిగితే గోపీనాథే చెప్పుకోవాలి, బామ్మర్దిదని.

"చుక్కలు రేపొచ్చి పెడతా అన్నా. బస్సు టైమయింది," అంది.

"సరే, పోయిరా," అన్నాడు గోపీనాథ్. గుండె బరువు దింపుకున్నవాడిలా తేలిగ్గా ఉన్నాడు.

మర్నాడు ఆమె వచ్చేసరికి వ్యాను సందు మొదట్లోనే ఉంది. పెట్టెలు సగం ఎక్కించారు. మిగతావి మెట్ల మీద ఉన్నాయి. షాహీనా దగ్గర్లో ఉన్న పెట్టె తెరిచి, ల్యాప్‌టాప్ తీసి బోర్లా తిప్పింది. చివరి స్క్రూ మీద చుక్క ఉంది. ఎర్ర చుక్క. ఇంకొకటి తీసింది. ఎర్ర చుక్కే.

"రాత్రి నేనే కూచోని పెట్టినా," అన్నాడు గోపీనాథ్ వెనక నుంచి. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. "నీ చేత్తో చేసినవి, నీ రంగే ఉండాల. నేను చెయ్యగలిగింది అదే."

అతని ముఖంలో మోసం ఏమైనా ఉందేమోనని వెతికింది. లేదు. ఉంటే ఎంత బాగుండేది అనుకుంది.

వ్యాను దగ్గర నుంచి ఒకావిడ వచ్చింది. కాలేజీ ల్యాబు చూసుకునే లెక్చరర్, అంజలి. నూలు చీర, చేతిలో నీళ్ళ సీసా. ఒక ల్యాప్‌టాప్ ఆన్ చేసి, బ్యాగులోంచి స్కానింగ్ సీడీ ఒకటి తీసి వేసింది. ఎవరిదో వెన్నెముక తెర మీదికి వచ్చింది. ఆవిడ తృప్తిగా తలూపింది.

"కింద ఈ ఎర్ర చుక్కేందండీ?"

"అది మా షాహీనా గుర్తు మేడం," అన్నాడు గోపీనాథ్, సందు మొత్తానికి వినపడేలా. "ప్రతి ఒక్కటి ఆమె చేతి పనే. ఏం తేడా వచ్చినా ఆమెనే అడగొచ్చు. నంబరు కూడా ఇస్తా."

అంజలి షాహీనా వైపు తిరిగింది. "మీరేనా? శానా నీటుగా చేసినారు. మాకు ల్యాబులో ఇవన్నీ చూసుకునే మనిషి కావాలని ఎప్పట్నుంచో అడుగుతాండా మేనేజ్‌మెంటును. ఎక్కువ మంది ఆడపిల్లలే మా దగ్గర. మీలాంటోళ్ళయితే వాళ్ళకూ ధైర్యంగా ఉంటుంది. వస్తారా మైదుకూరుకు?"

షాహీనా ఏడాదిగా ఏ మాట కోసం ఎదురుచూసిందో ఆ మాట, ముక్కూ ముఖం తెలియని మనిషి నోట్లోంచి ఎంత మామూలుగా వచ్చింది! వ్యాను వెనక తలుపు దగ్గర పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. వాటిల్లో ప్రతి దాంట్లోనూ ఒక డిస్కు వేలాడుతోంది. మైదుకూరు చేరేలోపే కొన్ని వదులవుతాయి. మిగతావి ఆ ఆడపిల్లల సంచుల్లో వదులవుతాయి. విప్పి చూస్తే ఎర్ర చుక్క పగలకుండా ఉంటుంది. ఈసారి అందులో అబద్ధం కూడా ఏమీ ఉండదు.

బండి కుర్రాడు మెట్ల మీది చివరి పెట్టె ఎత్తుకున్నాడు. డ్రైవరు తాళం తిప్పాడు.

"ఆపప్పా," అంది షాహీనా. "బండి కదిలించొద్దు."

గోపీనాథ్ దగ్గరికొచ్చాడు. "ఏమైంది?"

"నిన్న లోపల నాతో చెప్పినావు గదా ఒక మాట. అది ఈడ చెప్పు."

అతని ముఖం మారింది. "ఇప్పుడెందుకు? మేడం పోనీ, మళ్ళ మాట్లాడుకుందాం."

"పోయినేడు ఎండాకాలం మళ్ళ అన్లేదు నువ్వు. ఈడ్నే, ఆ జిరాక్స్ షాపు ముందర నిలబడి చెప్పినావు. ఇప్పుడూ ఆడ్నే నిలబడి చెప్పు. చెప్తే నేనూ ఒకటి చెప్తా. అది ఇనకుండా ఈ బండి పోయిందంటే మునిగేది ఇద్దరం."

అంజలి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇమాం వలి టీ పోయడం ఆపాడు. గోపీనాథ్ గొంతు సవరించుకుని ఏదో అన్నాడు.

"ఇమాం చిచ్చాకు ఇనపళ్ళేదు," అంది షాహీనా.

"షాహీనా డిస్కు తీయలేదు," అన్నాడు అతను గట్టిగా. చెవులు ఎర్రబడ్డాయి. "తీసింది మా బామ్మర్ది వీరభద్ర. ఆమె రంగు వాడుకున్నాడు. నేను ఆమెను దొంగ అన్న్యా. అది తప్పు."

జిరాక్స్ షాపతను బయటికొచ్చాడు. మెట్ల మీద పెట్టె పట్టుకున్న కుర్రాడు దాన్ని కింద పెట్టాడు. షాహీనా కళ్ళు మూసుకుంది. ఏడాదిగా రోజూ ఊహించుకున్న మాట. తియ్యగా ఉంది. ఊహించుకున్నంత తియ్యగానూ ఉంది. ఇంకో నిమిషం అలాగే నిలబడాలనిపించింది.

తర్వాత కళ్ళు తెరిచి, అదే గొంతుతో, అంతే గట్టిగా చెప్పింది.

"ఇప్పుడు నాది ఇనండి మేడం. ఈ ల్యాప్‌టాప్‌లలో ఒక్కదాంట్లో గూడా డిస్కు గట్టిగా లేదు. గట్టిగుండటానికి ఫ్రేమొకటి ఉంటుంది, అది నేను పెట్టలేదు. మర్చిపోయి గాదు. ఈయన మీద కసితో కావాలనే పెట్టలేదు. తొందర్లోనే అన్నీ ఆగిపోయేటివి."

గోపీనాథ్‌కు అర్థమవడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక పిడికిలి బిగించి ఒక అడుగు ముందుకేశాడు.

"చూసినారా మేడం? చూసినారా చిచ్చా? నేను నమ్మి పిలిస్తే..."

"ఇది నిజం అన్నా," అంది షాహీనా. "ఇది అందరికీ చెప్పుకో. ఇది చెప్పుకునే హక్కు నీకుండాది."

అతను ఆగిపోయాడు.

అంజలి ఆన్ చేసిన ల్యాప్‌టాప్‌ను మూసింది. నెమ్మదైన మనిషే, కానీ గొంతు పెంచింది. "మీ ఇద్దరి పంచాయితీకి మా పిల్లల చదువే దొరికిందా? సగం మంది కూలికి పోయి ఫీజులు కట్టేటోళ్ళ పిల్లలు."

కుర్రాడు కింద పెట్టిన పెట్టెను షాహీనా షాపు లోపలికి జరిపింది.

"ఇందాక నేను అడిగిన మాట మర్చిపోండి."

"సరే మేడం."

"బాగు చెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

"చుక్క గీకాల, మూత విప్పాల, ఫ్రేము పెట్టాల. పొద్దు గూకేలోగా అయితాయి."

"నేను ఎదురుగానే కూర్చుంటా. ఒక్కొక్కటి నాకు చూపించినంకనే మూత వెయ్యాల."

పెట్టెలన్నీ మళ్ళీ దింపారు. గిడ్డమ్మను పిలిపించి అడిగితే, గోనె ఇంకా అమ్మలేదంది, తెచ్చి బల్ల పక్కన కుమ్మరించింది. పనికిరావంటివి గదమ్మా అని మాత్రం అడగలేదు. షాహీనా వంగి చెత్తలోంచి నల్ల ఫ్రేములు ఏరుకుంది. ఒక్కొక్కదాన్ని తుడిచి వరసగా పెట్టుకుంది. అంజలి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. గోపీనాథ్ గుమ్మంలో అటు తిరిగి నిలబడ్డాడు.

మొదటి చుక్కను బ్లేడుతో గీకింది. మూత విప్పి, డిస్కు తీసి, ఫ్రేము అంటించి, మళ్ళీ లోపలికి తోసి వేళ్ళతో నొక్కింది. ల్యాప్‌టాప్‌ను ఆవిడ వైపు తిప్పింది. అంజలి వంగి చూసి, తనే వేలు పెట్టి కదిపి చూసింది. కదల్లేదు.

ఇన్నాళ్ళూ ఆ సందువాళ్ళు ఎక్కడ ఎదురుపడి దొంగను చూసినట్టు చూసినా, షాహీనా తలెత్తి వాళ్ళ కళ్ళలోకే చూసేది. అబద్ధం మోయడానికి ఆమెకు పొగరు తోడుండేది. ఇప్పుడు ఎవరూ ఆ మాట అనరు. గుమ్మం దగ్గర ఎవరో వచ్చి చూసి పోతున్నారని తెలుస్తూనే ఉన్నా ఆమె తల ఎత్తలేకపోయింది. మళ్ళీ ఇట్లాగే జరిగితే మళ్ళీ ఇట్లాగే చేస్తానేమో కూడా ఆమెకు తెలియలేదు.

ఇమాం వలి టీ తెచ్చాడు. అంజలికి ఒకటి ఇచ్చాడు. గోపీనాథ్‌కు ఒకటి ఇచ్చి, "తాగప్పా, సల్లారిపోతాది," అన్నాడు. మూడో గ్లాసు షాహీనా బల్ల మీద పెట్టాడు. బేటీ అని పిలుస్తాడేమోనని ఆమె ఆగింది. ఆయన ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. షాహీనా రెండో ల్యాప్‌టాప్ అందుకుంది.